నోరు మూసుకుని రెక్కలూపడం: ఆష్‌కాష్‌కి మొదటిసారి విమానం వేసుకెళ్లిన నా అనుభవం

పైలట్ లైసెన్స్ కోసం నేర్చుకునే రోజుల్లో మా ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేను తిన్న తిట్లలో సగం రేడియో గురించే. టవర్ వాళ్లు ఏం చెప్పినా మనం తిరిగి అప్పజెప్పాలి, అంకెలతో సహా చెప్పాలి, చివర్లో మన విమానం నంబరు చెప్పాలి. "నువ్వు తలూపితే వాళ్లకి కనిపిస్తుందా?" అనేవాడాయన. ఎక్కాలు బట్టీ పట్టినట్టు పట్టి, రెండేళ్లలో అదంతా ఒంటికి పట్టింది. అలాంటివాణ్ణి పోయిన జూలైలో ఒక ఆదివారం పొద్దున, ముందూ వెనకా నెత్తిమీదా విమానాలే ఉండగా, నేలకి తొమ్మిది వందల అడుగుల ఎత్తులో, "మాట్లాడొద్దు, వినబడితే రెక్కలూపు" అంటే ఊపేసి దిగి వచ్చాను. వెళ్లాలనుకునే తెలుగు పైలట్లు ఇద్దరు ముగ్గురు ఎలా జరిగిందని అడిగారు కాబట్టి మొత్తం రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

ఆష్‌కాష్ అనగానే అమెరికాలో పిల్లలున్నవాళ్లకి బట్టల బ్రాండు గుర్తొస్తుంది. అదే ఊరు, విస్కాన్సిన్‌లో విన్నెబాగో సరస్సు ఒడ్డున ఉంటుంది. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అని, ఇంట్లో సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల కోసం పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో మిల్వాకీలో మొదలుపెట్టిన సంఘం ఒకటి ఉంది. వాళ్ల ఏటా జరిగే కలయిక మొదట మిల్వాకీలో, తర్వాత రాక్‌ఫర్డ్‌లో, 1970 నుంచి ఆష్‌కాష్‌లో జరుగుతోంది. ఇప్పుడు దాని పేరు ఎయిర్‌వెంచర్. 2023లో 6,77,000 మంది వచ్చారట. మన బేగంపేటలో వింగ్స్ ఇండియా చూసినవాళ్లకి చెప్పాలంటే, అక్కడికి మనం విమానాలు చూడ్డానికి వెళ్తాం, ఇక్కడికి ఎవరి విమానం వాళ్లు వేసుకుని వస్తారు. ఆ వారంలో ఆష్‌కాష్‌కీ చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులకీ కలిపి పదివేల దాకా విమానాలు దిగుతాయి. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉండే విట్‌మన్ ఎయిర్‌పోర్ట్ టవర్‌ని ఆ వారం మాత్రం ప్రపంచంలోకెల్లా రద్దీ టవర్ అంటారు.

అంతమంది రేడియోలో ఒక్కో మాట మాట్లాడినా ఎవరికీ ఏమీ వినబడదు. అందుకే అక్కడ మామూలు పద్ధతులు పక్కనపెట్టి, ఆ వారం కోసం ఎఫ్ఏఏ వాళ్లు, అంటే అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ, ప్రత్యేకంగా ఒక నోటీసు ఇస్తారు. అందరూ ఇప్పటికీ నోటామ్ అనే పిలుస్తారు. ముప్పై పేజీలు దాటుతుంది. దాన్ని చదవకుండా వెళ్లడమంటే హాల్ టికెట్ లేకుండా పరీక్షకి వెళ్లడమే. నేను నెల ముందే ప్రింట్ తీసి, ఆఫీసులో మీటింగుల మధ్య, రాత్రి పిల్లలు పడుకున్నాక, హైలైటర్ పట్టుకుని చదివాను. మా ఆవిడ చూసి "గ్రూప్ వన్ రాస్తున్నావా?" అంది.

అందులో మనలాంటి చిన్న విమానాలకి సంబంధించిన అసలు ముక్క ఏంటంటే, దాన్ని ఫిస్క్ అరైవల్ అంటారు. ఆష్‌కాష్‌కి నైరుతి దిక్కున రిపన్ అనే ఊరుంది. అక్కడి నుంచి ఒక రైలు పట్టా ఈశాన్యంగా పికెట్, ఫిస్క్ అనే చిన్న పల్లెల మీదుగా పోతుంది. రిపన్ దగ్గర పట్టా మీదికొచ్చి, ఒకదాని వెనక ఒకటి, అర మైలు ఎడం పెట్టుకుని, 1,800 అడుగుల ఎత్తులో, 90 నాట్ల (గంటకి దాదాపు 167 కిలోమీటర్లు) వేగంతో పట్టా వెంటే పోవాలి. అంత నెమ్మదిగా పోలేనివాళ్లకి 2,300 అడుగుల ఎత్తు, 135 నాట్లు. ఈ ఎత్తులు సముద్రమట్టం నుంచి లెక్క, అక్కడ నేలే ఎనిమిది, తొమ్మిది వందల అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి కింద మొక్కజొన్న చేలు బాగా దగ్గరగా కనిపిస్తాయి. ఫిస్క్ దగ్గర చిన్న దిబ్బ మీద కంట్రోలర్లు బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుంటారు. మన నంబరుతో వాళ్లకి పని లేదు. రంగూ రకం చూసి పిలుస్తారు, "తెల్ల విమానం, పై రెక్క, రెక్కలూపు" అని. మనం ఊపుతాం. ఏ రన్‌వే, ఎటు తిరగాలి, టవర్ ఏ ఫ్రీక్వెన్సీ అన్నది వాళ్లు చెప్తారు, మనం వింటాం. అంతే. ఇక టవర్ దగ్గర కూడా మాట్లాడేది లేదు.

చదవడానికి ఎంత సులువుగా ఉందో చూశారా.

ఎవరైనా ఒక్కళ్లే వెళ్దామనుకుంటే నేను మాత్రం వద్దనే అంటాను. పక్క సీట్లో రెండు కళ్లు ఉండాల్సిందే. నా పక్కన మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య. ఆయనకి విమానం నడపడం రాదు గానీ విజయవాడ బెంజ్ సర్కిల్లో ఇరవై ఏళ్లు స్కూటర్ నడిపినవాడు, నాలుగు పక్కలా చూసే అలవాటు అక్కడే వచ్చింది. ఆయనకి రెండే నేర్పాను. విమానం కనబడితే గడియారం ముల్లు లెక్కన చెప్పాలి, ఎదురుగా అయితే పన్నెండు, కుడి భుజం వైపు మూడు. రెక్క కిటికీ పైన ఉంటే పై రెక్క, కిందుంటే కింద రెక్క. అంతకు మించి ల్యాండింగ్ అయ్యేదాకా నాతో మాట్లాడొద్దని ఒట్టు వేయించుకున్నా.

మేం బయల్దేరింది అయోవాలోని డెమోయిన్ నుంచి, మా క్లబ్బు వాళ్ల సెస్నా 172 అనే చిన్న విమానంలో. నేరుగా పోకుండా దారిలో డుబ్యూక్ అనే ఊళ్లో దిగాం. కారణం పెట్రోలు. ఆష్‌కాష్ దగ్గర ఎంతసేపు గాల్లో తిప్పుతారో ముందు తెలియదు. 2018లో వాతావరణం చెడి అందరూ ఒకేసారి వచ్చి పడితే గంటల తరబడి తిరిగి, విసిగిపోయి వేరే చోట దిగినవాళ్ల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి దగ్గర్లో ఎక్కడో ఒకచోట ట్యాంకులు నిండా నింపుకుని, కాఫీ తాగి, అన్నిటికంటే ముఖ్యంగా బాత్రూమ్‌కి వెళ్లి, అప్పుడు బయల్దేరాలి. నోటీసులో ఈ ఆఖరి ముక్క ఉండదు, నేను చెప్తున్నా.

డుబ్యూక్‌లో బ్యాగు తెరిచి చూస్తే గుండె జారింది. దిగాక నేలమీద జెండాలు పట్టుకున్న వాలంటీర్లకి మనం ఎక్కడికి పోవాలో చెప్పాలి కదా, అది కూడా రేడియోలో కాదు, ముందు అద్దంలో పెద్ద అక్షరాలతో కాగితం పెట్టాలి. విమానం పక్కనే గుడారం వేసుకుని ఉండేవాళ్లకి జీఏసీ. క్యాంపింగ్ లేకుండా పార్కింగ్ మాత్రమే అయితే జీఏపీ. పాత విమానాలకి, ఇంట్లో కట్టినవాటికి వేరే అక్షరాలు. నేను శ్రద్ధగా ప్రింట్ తీసిన జీఏసీ కాగితం ఇంట్లో ప్రింటర్ మీదే ఉండిపోయింది. మా అత్తయ్య జంతికలు పెట్టి పంపిన అట్టపెట్టె ఉంటే, బావ జంతికలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లోకి పోసి, పెట్టె మూత చింపి, కౌంటర్లో ఉన్నావిడ దగ్గర నల్ల మార్కర్ అడిగి తెచ్చి, జానెడు ఎత్తు అక్షరాలు రాశాడు. నూనె మరక మీద మార్కర్ పట్టక జీ అక్షరం మీద మూడుసార్లు దిద్దాల్సి వచ్చింది.

మిసిసిపీ దాటి విస్కాన్సిన్‌లోకి వచ్చాక రేడియోలో 125.9 ఫ్రీక్వెన్సీ పెట్టి ఏటిస్ వినడం మొదలుపెట్టా. రికార్డు చేసిన ప్రకటన అన్నమాట, ఏ రన్‌వే నడుస్తోంది, వరస ఎక్కడ మొదలవుతోంది అన్నీ అందులో ఉంటాయి. రద్దీ లేనప్పుడు నేరుగా రిపన్‌కి రమ్మంటారు. రద్దీ పెరిగేకొద్దీ వరస మొదలయ్యే చోటు వెనక్కి జరుపుతారు, గ్రీన్ లేక్, ఇంకా వెనక పకవే లేక్, ఇంకా వెనక ఎండెవర్ బ్రిడ్జ్. మేం వెళ్లేసరికి ఎండెవర్ బ్రిడ్జ్ అని వినబడింది. అంటే బాగా రద్దీ. మా ఊళ్లో సినిమా టికెట్ల లైన్ హాలు దాటి కిళ్లీ కొట్టు దాకా వచ్చేసిందంటే ఎలా ఉంటుందో అలా.

బ్రిడ్జ్ దగ్గరికి వచ్చేసరికి ఎటు చూసినా విమానాలే. ల్యాండింగ్ లైట్లు వేసుకుని ఉంటాయి కాబట్టి ఎదురుగా వచ్చేవి ముందు చుక్కల్లా కనిపిస్తాయి. ఎవడి వెనక దూరాలి? అదే పెద్ద సమస్య. పెళ్లి భోజనాల్లో ఖాళీ కుర్చీ కోసం చూసినట్టు చూసి, ఒక పసుపురంగు విమానం వెనక ఖాళీ కనిపిస్తే అక్కడ చేరాను. 1,800 అడుగులు, 90 నాట్లు, ఫ్లాప్స్ (నెమ్మదిగా ఎగరడానికి రెక్కల వెనక అంచు నుంచి కిందికి దించే పలకలు) పది డిగ్రీలు. బాగానే ఉందనుకున్నా.

ఐదు నిమిషాలకి ఆ పసుపు విమానం పెద్దదవడం మొదలైంది. అది చాలా పాతది, 90 నాట్లు దానికి గగనమే. అలాంటివి తమ శక్తి కొద్దీ వెళ్లొచ్చు, తప్పేం లేదు. తప్పు నాది, ఎవరి వెనక చేరుతున్నానో చూసుకోకుండా చేరాను. ఇక్కడ దాటి ముందుకు పోకూడదు. పాములా అటూ ఇటూ వంకర్లు తిరిగి వేగం తగ్గించుకోవడమూ కుదరదు, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. నేను ఫ్లాప్స్ ఇంకొంచెం దించి, ముక్కు పైకెత్తి, 75కి, 70కి తగ్గించా. ముక్కు లేవడంతో ముందున్నవాడు కనబడ్డం మానేశాడు. "బావా, ఆరు గంటల దగ్గర ఒకడు బాగా పెద్దగా కనిపిస్తున్నాడు" అన్నాడు బావ, మెడ మొత్తం వెనక్కి తిప్పి. ఒట్టు ప్రకారం మాట్లాడకూడదు గానీ ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నా.

పికెట్ దాటాక రేడియోలో వచ్చింది. తెల్ల పై రెక్క విమానం, పసుపు విమానం వెనకున్నది, మరీ దగ్గరైపోయావు, ఎడమకి తిరిగి వెనక్కి పో, రిపన్ నుంచి మళ్లీ మొదలుపెట్టు, థాంక్యూ. కోపం లేదు, విసుగు లేదు, క్లాసులో మాస్టారు పేరు పెట్టి పిలవకుండా మూడో బెంచీ అన్నట్టు. నా వేలు మైక్ బటన్ మీదికి దానంతటదే పోయింది, "రోజర్" అనేద్దామని. బావ నా చెయ్యి మీద ఒకటి కొట్టాడు. బటన్ నొక్కకుండానే ఎడమకి తిరిగా.

సిగ్గుగా అనిపించిన మాట నిజం. కానీ తర్వాత క్యాంపులో మాట్లాడితే, మా వరసలో గుడారాలు వేసుకున్న ఆరుగురిలో నలుగురు కనీసం ఒకసారి వెనక్కి వెళ్లొచ్చినవాళ్లే. అసలు ఆ పద్ధతిలో ఉన్న గొప్పతనమే అది. ఏదైనా తేడా వస్తే అక్కడే సర్దుకోవాలని చూడొద్దు, వరసలోంచి తప్పుకుని మళ్లీ మొదటికి రా అంటారు. మన ట్రాఫిక్‌లో పెరిగినవాళ్లకి ఇది ఒంటికి పట్టడం చాలా కష్టం, మన ప్రాణం అంతా "ఎలాగోలా దూరేద్దాం" మీదే ఉంటుంది.

రష్ లేక్ మీదుగా తిరిగి రిపన్ వైపు వస్తుంటే ఇంకో ప్రకటన వచ్చింది, రన్‌వే మీద ఎవరిదో టైరు పోయింది, రిపన్ చేరనివాళ్లంతా గ్రీన్ లేక్ చుట్టూ తిరగండి అని. తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టి తలుపు వేసినట్టే. ఎడమ తిరుగుళ్లే, అందరూ ఒకే దిక్కున, సరస్సు ఒడ్డు పట్టుకుని. రెండు చుట్లు తిరిగాం, దాదాపు ఇరవై ఐదు నిమిషాలు. నీళ్లు నిజంగానే పచ్చగా ఉన్నాయి, ఒడ్డున ఇళ్లవాళ్లు కుర్చీలు వేసుకుని మమ్మల్నే చూస్తున్నారు. బావ చెయ్యి కిటికీకి ఆనించి ఊపాడు. నాకు మాత్రం చూపంతా ముందు విమానం తోక మీదా, పెట్రోలు ముల్లు మీదా. మూడు గంటలకి పైగా ఉంది, అయినా టెన్షన్. పెట్రోలు తగ్గితే మొండిగా ఉండకుండా ఫాన్‌డులాక్‌కో ఆపిల్టన్‌కో పోయి దిగాలని ముందే కాగితం మీద టైము రాసుకున్నా, పదకొండు నలభై దాటితే ఫాన్‌డులాక్ అని. అక్కడి నుంచి బస్సులుంటాయి. ఆ టైము ముందే రాసుకోవడం మంచిది, గాల్లో ఉండగా ఆలోచిస్తే ఇంకొక్క చుట్టు అనిపిస్తుంది.

తలుపు తీశారు. ఈసారి మాలాగే సెస్నా ఒకటి చూసి దాని వెనక చేరా. రిపన్, పట్టాలు, పికెట్. పట్టాలు పైనుంచి అంత బాగా కనబడవు, చెట్ల మధ్య దాక్కుంటాయి, ధాన్యం నిలవచేసే పెద్ద పెద్ద గొట్టాలు చూసుకుని ఊళ్లు గుర్తుపట్టాలి. 120.7లో, అంటే ఫిస్క్ కంట్రోలర్ల ఫ్రీక్వెన్సీలో, ఆ గొంతు ఆగకుండా వస్తూనే ఉంది, ఎరుపు కింద రెక్క ఊపు, బాగుంది, నీలం చారల పై రెక్క ఊపు, బాగుంది. మా ముందువాణ్ణి పిలిచారు. తర్వాత "వైట్ హై వింగ్, రాక్ యువర్ వింగ్స్."

ఊపా. కొత్త పెళ్లికొడుకు తలూపినట్టు ఊపి ఉంటా, ఎందుకంటే "కాస్త గట్టిగా ఊపు, కనబడాలి" అన్నారు. ఈసారి కుడికి, ఎడమకి, మళ్లీ కుడికి పూర్తిగా పడేశా. బావ తల కిటికీకి తగిలింది, ఒళ్లో ఉన్న కవర్లోంచి జంతికలు కింద పెడల్స్ దాకా దొర్లాయి. "గుడ్ రాక్! రన్‌వే టూ సెవెన్, మానిటర్ టవర్ వన్ వన్ ఎయిట్ పాయింట్ ఫైవ్." ఫిస్క్ నుంచి పట్టాల వెంటే పోవాలా, ఫిస్క్ అవెన్యూ అనే రోడ్డు పట్టాలా అన్నది రన్‌వేని బట్టి ఉంటుంది, అది కూడా ఆ ఒక్క ఊపిరిలోనే చెప్పేస్తారు. నోటీసులో ఆ బొమ్మలు ముందే బుర్రలో ఉంటే అందుతుంది, లేకపోతే అంతే సంగతులు. కాలికింద జంతిక ఒకటి కరకరమంటుండగా 118.5 మార్చా.

డౌన్‌విండ్‌లోకి, అంటే రన్‌వే పక్కగా దిగే దిక్కుకి ఎదురు దిక్కున ఎగిరే దారిలోకి, వచ్చాక ఎడమా కుడీ చూడ్డానికి ధైర్యం చాల్లేదు. కొన్నివేల విమానాలు వరసలు వరసలుగా గడ్డి మీద, నారు పోసిన మడుల్లాగ. ఎదురుగా విన్నెబాగో సరస్సు. దాని మీదికి పోకుండా ఒడ్డు దగ్గరే తిరగాలి. తిరుగుతుండగానే టవర్ అంది, మీ ముందు సెస్నా ఆకుపచ్చ చుక్క మీద దిగుతోంది, నువ్వు నారింజ చుక్క మీద దిగు. రన్‌వే మీద రంగురంగుల పెద్ద చుక్కలు వేసి ఉంటాయి, ఒకే రన్‌వే మీద ఒకరి వెనక ఒకరు వేర్వేరు చుక్కల దగ్గర దిగుతారు. మామూలుగా ముందువాడికీ వెనకవాడికీ మధ్య ఇంకా ఎక్కువ దూరం ఉంచుతారు కదా, ఈ వారానికి ఎఫ్ఏఏ ఆ దూరాలు తగ్గించుకోవడానికి ప్రత్యేకంగా ఒప్పుకుంటుంది. జీవితంలో మొదటిసారి, నా కళ్ల ముందే రన్‌వే మీద ఇంకో విమానం దొర్లుతుండగా నేను దిగుతున్నా. చేతులు చెమట. చుక్క ఎంత పెద్దదంటే దగ్గరికొచ్చేసరికి అది చుక్కలా కాదు, వాకిలిలా ఉంది. దాని మీదే దిగానని చెప్పుకోవాలని ఉంది గానీ ఒక ముప్పై నలభై అడుగులు దాటి దిగా.

"నైస్ జాబ్, వెల్‌కమ్ టు ఆష్‌కాష్, కుడివైపు గడ్డిలోకి దిగిపో." ఆ మాటకి సమాధానం చెప్పకుండా ఉండటం అన్నిటికంటే కష్టమైంది.

గడ్డిలోకి దిగాక ఇక రేడియోతో పనే లేదు. నారింజరంగు చొక్కాలవాళ్లు జెండాలు ఊపుతుంటారు, అద్దంలో మన అట్ట చూసి ఎటు పంపాలో పంపుతారు. మమ్మల్ని చూసిన పెద్దాయన ఒకాయన, డెబ్బై ఏళ్లుంటాయి, అట్ట దగ్గరికి వంగి చూసి, జీఏసీ కింద ఎర్ర అక్షరాలతో "జంతికలు, గుల్ల" అని మా అత్తయ్య రాసిన తెలుగు చూసి, అదేం క్యాంపింగ్ అన్నట్టు చేతులు తిప్పాడు. నార్త్ ఫార్టీ అనే చోటికి పంపాడు, 27 రన్‌వేకి ఉత్తరాన ఉన్న పెద్ద మైదానం. అక్కడ రెక్క కింద గుడారం వేసుకుని నాలుగు రాత్రులున్నాం. విమానాన్ని నేలకి కట్టేసే మేకులూ తాళ్లూ మనవే తెచ్చుకోవాలి. చవకగా దొరుకుతాయని కుక్కని కట్టే స్క్రూ మేకులు తీసుకెళ్లకండి, సోమవారం రాత్రి గాలివానకి మా పక్క వరసలో ఒకాయన అవి పట్టుకుని పడ్డ అవస్థ చూశాను, ఆయనా నేనూ బావా ముగ్గురం రెక్క పట్టుకుని అరగంట నిలబడ్డాం.

వారం ఎలా గడిచిందో వేరే రాస్తా, ఇక్కడ మొదలుపెడితే ఆగదు. ఒక్క సంగతి మాత్రం చెప్తాను. మంగళవారం మిల్వాకీ నుంచి స్నేహితుడు కారులో వస్తే, నన్ను ఫిస్క్ తీసుకెళ్లమని బతిమాలా. నాలుగు ఇళ్లు, రైలు పట్టా, దిబ్బ. దిబ్బ మీద గులాబీరంగు చొక్కాలు. ఆ వారం పనిచేసే కంట్రోలర్లంతా ఆ రంగే వేసుకుంటారు, దేశం నలుమూలల నుంచి పోటీపడి వస్తారట. రాడార్ తెర ముందు కాదు, కుర్చీల్లో, ఎండలో. ఒకాయన బైనాక్యులర్స్‌తో రిపన్ వైపు చూస్తూ "తెల్లది, కింద రెక్క, దాని వెనక ఖాళీ, తర్వాత రెండు పక్కపక్కన" అంటుంటే, మైక్ పట్టుకున్నావిడ అదే మాటని ఆజ్ఞగా మార్చి వదులుతోంది. వాళ్లకి మేం ముందు చుక్కలం, తర్వాత రంగులం, తర్వాత రెక్కలం. ఒక విమానం నెత్తిమీద రెక్కలూపగానే కింద కూర్చున్నవాళ్లు అందరూ చేతులు ఊపారు. పైనున్నవాడికి అది కనబడదు. ఆదివారం నాకూ ఊపే ఉంటారు.

తిరిగి వెళ్లడం రావడం అంత కష్టం కాదు, కానీ ఓపిక కావాలి. ఎయిర్‌పోర్ట్ రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటుంది, మధ్యాహ్నం ఎయిర్ షో జరిగేటప్పుడు కూడా కదలనివ్వరు. కాబట్టి అందరూ పొద్దున్నే వెళ్దామనుకుంటారు, అక్కడే వస్తుంది చిక్కు. గురువారం ఐదున్నరకి లేచి, మంచుకి తడిసిన గుడారం అలాగే చుట్టేసి, మేకులు పీకి, అద్దం మీద నీళ్లు టవల్‌తో తుడిచి, అదే అట్ట వెనక్కి తిప్పి వీఎఫ్ఆర్ అని రాశాం. వెళ్లేటప్పుడు కూడా అద్దంలో అట్టే టికెట్టు. కళ్లతో చూసుకుంటూ పోయేవాళ్లకి వీఎఫ్ఆర్, మబ్బుల్లో పరికరాల మీద పోయేవాళ్లకి ఐఎఫ్ఆర్, వాళ్ల వరస, వాళ్ల సమయాలు వేరు.

ఇంజన్ వేసేముందు చుట్టూ ఎవరూ లేరని అరిచి చెప్పాలి, ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నా ఇక్కడ అర్థం వేరు, పక్క గుడారంలో పిల్లలు పడుకుని ఉన్నారు. బావ దిగి రెక్క చివర నడుచుకుంటూ వరస దాటించాడు, తర్వాత ఎక్కాడు. ముందు పంతొమ్మిది విమానాలు. ఇంజన్ వేడెక్కుతుందని నా గోల, గడ్డి గుంటల్లో ముక్కు చక్రం ఎగిరినప్పుడల్లా ప్రొపెల్లర్ నేలకి తగులుతుందేమో అని ఇంకో గోల. రన్‌వే పక్కన గులాబీ చొక్కాలవాళ్లు చిన్న బండి మీద నిలబడి ఉంటారు, వాళ్ల చెయ్యే సిగ్నల్. రన్‌వే మీదికి రెండేసి చొప్పున, ఒకటి ఎడమ అంచు, ఒకటి కుడి అంచు. ముందుది కదిలి గాల్లోకి లేస్తుండగానే మాకు "తెల్ల సెస్నా, గో." ఎగిరాక వెంటనే పైకి పోకూడదు, ఎయిర్‌పోర్ట్ పరిధి దాటేదాకా కిందే ఉండాలి, వచ్చేవాళ్లంతా మన పైన ఉంటారు. మొక్కజొన్న మీద అంత తక్కువ ఎత్తులో అంతసేపు పోవడం నాకు కొత్త, బావకి మాత్రం అదే అన్నిటికంటే నచ్చింది. పరిధి దాటాక పైకి లేచి నైరుతికి తిరిగితే, ఎడమవైపు దూరంగా ఫిస్క్ వైపు లైట్లు, అప్పటికే వరస కట్టి వస్తున్నాయి.

గంటకి పైగా ఎగిరి డుబ్యూక్ దగ్గరికి వచ్చాం. అది మామూలు టవర్. పది మైళ్ల దూరంలో పిలిచి ఎక్కడున్నానో చెప్పా, అంతవరకు బాగానే మాట్లాడా. కాసేపటికి టవర్ నుంచి మా నంబరుతో ల్యాండింగ్‌కి అనుమతి వచ్చింది. నేను బుద్ధిగా కుడికి, ఎడమకి, మళ్లీ కుడికి రెక్కలూపా.

నిశ్శబ్దం. మళ్లీ పిలిచారు, ఈసారి నెమ్మదిగా, ఒక్కో అంకె విడదీసి, వినబడుతోందా అని.

"బావా," అన్నాడు బావ, కిటికీ వైపు తలకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "వాళ్లు అడుగుతున్నారు. ఇక్కడ మాట్లాడాలి."